చెంగల్వకోష్టు చరిత్రము

గడచిన మాఘమాసములో మా చెల్లెలి శిశువునకు ఒడలంతయు ఎఱ్ఱని దద్దురులు లేచినవి. బిడ్డకప్పటికి ఎనిమిదవ నెల. పురిటిదినములు మొదలుకొని మా తల్లిగారు తాము స్వయముగా దంచి జల్లించిన నలుగుపిండితోనే ఆ శిశువునకు నీళ్లుపోయుచుండిరి. దద్దురులు కనబడినతోడనే యింటిలో పక్షములేర్పడినవి. మా తల్లిగారు దిష్టి యనిరి. ఉప్పును మిరపకాయలను దిగదుడిచి నిప్పులలో వేసిరి. చెల్లెలి భర్త కంప్యూటరు విద్యలో పట్టము పొందినవాడు; అతడు, "అత్తయ్యగారూ, ఈ పొడులన్నియు పెంటకుప్పలో పారవేయండి, మన పాతవైద్యమంతయు ఇంతే" యని కోపించెను. నడుమ మా చెల్లెలు కన్నీరు పెట్టుకొనెను. వైద్యుడు చూచి పైపూత యొకటి వ్రాసియిచ్చి, నలుగు మానిపించి, "ఆ పిండిలో నేమేమి కలిపినారు?" అని యడిగెను. పదిదినములలో దద్దురులణగినవి. కాని ఆ ప్రశ్న మాత్రము మమ్ము వదలలేదు.

మా తల్లిగారియొద్ద ఆ పిండికి చీటి యొకటి కలదు. పెసలు, బావంచాలు, కచ్చూరాలు, వట్టివేళ్లు, తుంగముస్తెలు, ఎండిన గులాబిరేకులు, చెంగల్వకోష్టు. మొదటి యాఱింటిని మేమెఱుగుదుము. అవి యెక్కడ పండునో, యెట్లుండునో చెప్పగలము. ఏడవదానిని గుఱించి యడుగగా మా తల్లిగారు, "అది అంగడినుండి వచ్చును" అనిరి. వారి తల్లిగారి కాలములోను అంగడినుండియే వచ్చెనట. సరే యని మేము పట్టణములోని రెండు మూలికల కొట్లకు పోయి, రెండుచోట్లను చెంగల్వకోష్టు కావలెనని యడిగితిమి. ఒకచోట నిచ్చినవి బూడిదవన్నె కలసిన గోధుమవర్ణపు గట్టి ముక్కలు; విఱిచిన కొమ్మువలె నుండి, ముక్కున కానించినప్పుడు ముందు కమ్మగాను, వెనుక తడిసిన గొఱ్ఱెయున్నివలెను వాసన గొట్టినవి; నాలుకకు చేదు. రెండవచోట నిచ్చినవి తెల్లబారిన నారగల తేలిక బిళ్లలు. అల్లపుజాతి దుంపను తఱిగి యెండబెట్టినట్లుండెను. వాసన యించుమించుగా లేదు. పేరొక్కటే, వస్తువులు రెండు. వీనిలో మన పెద్దలు వాడినదేది? ఈ విచారణలో మాకు తెలియవచ్చిన సంగతులే యీ వ్యాసము. సంగతి యొక నలుగుపిండి చీటినుండి బయలుదేఱి హిమవత్పర్వతమునకును, రోమునకును, చీనాకును పోయినందుకు చదువరులు మమ్ము క్షమింతురుగాక.

ముందుగా పేరు. సంస్కృతములో దీనిని కుష్ఠమందురు. దాని తద్భవమే మన కోష్టు. బడిలో అమరము వల్లించినవారికి వనౌషధివర్గములో కుష్ఠమునకు వ్యాధి, పాకలము, ఉత్పలము మున్నగు పర్యాయములుండుట జ్ఞాపకముండును. ఔషధమునకు వ్యాధి యని పేరు! రోగమును పోగొట్టు మందునకు రోగము పేరే పెట్టిన యీ వింతకు వ్యాఖ్యాతలు తమకు తోచిన వ్యుత్పత్తులు చెప్పుకొనిరి. ఉత్పలమనగా కలువ. తెలుగువారు దీనిని చెంగల్వతో ముడిపెట్టుట ఆ పర్యాయమువలననే యైయుండునని మా యూహ. ఊహయేగాని సిద్ధాంతము కాదు. వేరుకును చెంగల్వపూవునకును వేఱు పోలిక యేదియు మాకు కనబడలేదు.

కుష్ఠమను పేరే మహారోగమునకును ఉండుటచేత మఱియొక చిక్కు పుట్టినది. మా బాల్యములో ఒక యింట నీ వేరు కొనితెచ్చిన పనివాడు కోష్టు అనుటకు మాఱుగా కుష్ఠము అనగా, ఆ యింటి ముసలమ్మ పొట్లమును గడపలోనికి రానీయక గోమయముతో వాకిలి అలికించుట మేము కన్నులార చూచితిమి. పేరును చూచి వస్తువునకు వెఱచిన దేశములో ఆ రోగము పట్టిన మనుష్యునకు పట్టిన గతి యేమో వేఱుగా చెప్పవలెనా? నార్వేదేశపు హాన్సెను 1873లో ఆ రోగమునకు కారణమగు సూక్ష్మజీవిని కనిపెట్టినను, కుష్ఠరోగమును వివాహవిచ్ఛేదమునకు కారణముగా నుంచిన మన చట్టములు సవరింపబడుటకు 2019వ సంవత్సరము వఱకు కావలసివచ్చినది. ఇది ప్రసంగవశమున వచ్చినమాట; ఇక మూలికకు వత్తము.

ఈ మూలిక ప్రశంస మొట్టమొదట అథర్వవేదములో కానవచ్చుచున్నది. అయిదవ కాండములో నాల్గవ సూక్తమంతయు దీనినిగూర్చినదే. ఆఱవ కాండములోను పందొమ్మిదవ కాండములోను మరల దీని స్తోత్రములున్నవి. అనగా సుమారు మూడువేల యేండ్లకు ముందు మాట. ఈ సూక్తముల సారమిది: కుష్ఠము కొండలయందు పుట్టినది, ఓషధులలో బలవత్తరమైనది, తక్మమను జ్వరమును నశింపజేయునది. మూడవ స్వర్గమున దేవతలు కూర్చుండు అశ్వత్థమొకటి కలదు. బంగరుత్రాళ్లుగల బంగరునావ ఆకాశమున సంచరించుచుండును. అచ్చటనే దేవతలు కుష్ఠమును పొందిరి. ఇది సోమునకు చెలికాడు. శిరోవ్యాధిని, నేత్రవ్యాధిని, శరీరదోషమును మాన్పును.

ఇంతవఱకు కవిత్వము. కాని ఆ సూక్తముననే చరిత్రకారుడు చెవియొగ్గి వినవలసిన రెండు చిన్న సంగతులున్నవి. మొదటిది: ఆ మూలికయొక్క ప్రసిద్ధిని విని జనులు ధనము పట్టుకొని దానికొఱకు పోవుచుండిరట. రెండవది: హిమవంతమునకు ఉత్తరముగా పుట్టిన యీ మూలిక తూర్పుదేశపు జనులకు కొనిపోబడుచుండెనట. బంగరునావ మాట యెట్లున్నను, ధనము మాట మాత్రము నేలమీది మాట. వేదకాలముననే యీ వేరు వెలగట్టి అమ్మబడుచుండెను. పుట్టినచోట గాక దూరదేశమున దానికి గిరాకి యుండెను. నేటి మూలికల యంగడికి ముత్తాత యంగడి యిదే. స్తోత్రము వ్రాసిన ఋషికి ఆ కొండ యెక్కి వేరు త్రవ్వినవాని పేరు మాత్రము జ్ఞాపకము రాలేదు. అటుతరువాత వచ్చిన గ్రంథకర్తలకును రాలేదు.

తక్మమనగా నేటి చలిజ్వరమని, అనగా మలేరియా యని, పలువురు పండితుల యభిప్రాయము. కోష్టు మలేరియాను పోగొట్టునా? పోగొట్టదు. ఈ మాట చెప్పుటకు మేము సంకోచింపము. వేదములో సర్వశాస్త్రములు నున్నవని యుపన్యసించు మిత్రులు కొందఱు మాకు గలరు. వేదములోని దంతయు అజ్ఞానమని త్రోసివేయువారును గలరు. ఇరువురును ఆ సూక్తమును చదువలేదనియే మా యనుమానము. జ్వరపీడితునకు ఏమిచేయవలెనో తెలియని కాలమున, మంచి సువాసనయు కాకచేదునుగల యొక వేరును నమ్ముకొని మనుష్యులు దూరపుకొండలవఱకు పోయిరి. ఆ యాశ చరిత్ర. ఆ ఫలము చరిత్ర కాదు.

అథర్వవేదమునకు చేరిన కౌశికసూత్రమున మఱియొక సంగతి మమ్ము ఆశ్చర్యపఱచినది. ఈ సూక్తములతో కుష్ఠమును వెన్నలో కలిపి రోగి యొంటికి పూయవలెనని అందు విధింపబడినది. మా తల్లిగారు పొడిని మీగడలో రంగరించి శిశువుయొక్క వీపునకు రాచుట చూచినవారము గనుక, ఆ పంక్తిని చదివినప్పుడు కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి.

చరకసుశ్రుతులనాటికి కుష్ఠము దేవలోకమునుండి దిగివచ్చి తక్కిన మూలికలలో నొకటియైనది. చరకుడు తుంగముస్తలు, పసుపు మున్నగువానితో లేఖనీయగణమున దీనిని చేర్చెను. అనగా నతిస్థౌల్యము మున్నగువానిని తగ్గించునది. దగ్గు, ఉబ్బసము, వాతము, చర్మరోగములు మొదలగువానికి దీనిని వాడుట వైద్యగ్రంథములందు సర్వత్ర కానవచ్చును. పుష్కరమూలమను వేఱొక పర్వతమూలిక దొరకనిచో దానికి బదులు కుష్ఠమును వాడవచ్చునని భావప్రకాశము చెప్పుచున్నది. ఒకదానికి బదులు మఱియొకటి! వైద్యుడు తెలిసి మార్చిన చోట వర్తకుడు తెలియనీయక మార్చుట కెంతకాలము పట్టును?

ఇక వర్తకుల మార్గము. అలెగ్జాండరు సేనానియగు సెల్యూకసు క్రీ.పూ. 288 ప్రాంతమున మిలేటసు దగ్గఱి యపొల్లోదేవాలయమునకు సమర్పించిన కానుకల శాసనములో సాంబ్రాణి, బోళము, దాల్చినచెక్కలతోపాటు కోస్టసు కూడ నున్నది. ఈ కోస్టసు మన కుష్ఠమే; పేరుకూడ మనదే. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో పేరు తెలియని యొక గ్రీకునావికుడు వ్రాసిన ఎరిత్రసముద్రయాన గ్రంథమున సింధునదీముఖమందలి బార్బరికమునుండి కోస్టసు, గుగ్గులు, జటామాంసి, నీలిమందు, పట్టు మున్నగునవి యెగుమతియగుచుండెనని చెప్పబడినది. నర్మదాముఖమునందలి బరుగజ, అనగా భరుకచ్ఛమునుండియు కోస్టసు పోవుచుండెను. ఆ శతాబ్దివాడే యగు రోమనుగ్రంథకర్త ప్లినీ, సింధునదీముఖమున పాతాల యను ద్వీపమున నలుపును తెలుపును రెండు విధములైన కోస్టసు గలదని, తెల్లనిది మేలైనదని వ్రాసెను. రోమునకు పోవు సరకులపై సుంకము విధించు పట్టికలోను దీని పేరున్నది. దేవాలయమున ధూపమునకు, తైలములలో పరిమళమునకు, వైద్యమున నొప్పులకు దీనిని వారు వాడిరి.

ప్లినీ చెప్పినది పొరబాటని తెలిసికొనుట మనకు సులభము. ఆ ద్వీపము ఉప్పునీటిపాల బడిన డెల్టాభూమి. కుష్ఠము ఎత్తైన కొండలమీద గాని మొలవదు. అతడు రేవును చూచి తోట యనుకొనెను. దియోస్కోరిదీసను వైద్యుడు అరబ్బుదేశపుది శ్రేష్ఠమనియు, హిందూదేశపుది రెండవదనియు, సిరియాది మూడవదనియు తరగతులు నిర్ణయించెను. ఎవ్వరి యోడ తెచ్చిన నా దేశపు సరకనుకొనుట నాటినుండి నేటివఱకు కొనువారి స్వభావము. పదునైదు శతాబ్దుల తరువాత గోవాలో నివసించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చొత్తించిన గ్రంథములో నీ భ్రమను త్రెంచెను: కోస్టసు ఒక్కటియే, అది హిందూదేశపుదే, అరబ్బుది సిరియాది యని వేఱుగా లేవు, వర్తకులు అచ్చటికి కొనిపోగా ఆ పేరులు వచ్చినవని వాదించెను. పూర్వగ్రంథమును వల్లించుటకంటె రేవుకు పోయి వర్తకుని అడుగుట మేలని యతడు తలచెను. ఇట్టివారనిన మాకు ప్రీతి.

అరబ్బులు దీనిని ఖుస్త్ అనిరి. మహమ్మదు ప్రవక్త హిందూదేశపు ఖుస్తులో నేడు రోగములకు నివారణ గలదని చెప్పినట్లు బుఖారీ హదీసు సంపుటములో నున్నది. అందువలన ముసల్మానులయందు నేటికిని దీనికి మన్నన గలదు. యునానీ వైద్యులు దీనిని విడువరు. అథర్వణఋషియు అరబ్బుప్రవక్తయు ఒకే వేరును మెచ్చుకొనుట మన మతకలహవాదులకు తెలిసినదో లేదో. చీనావారు దీనిని ముషియాంగు, అనగా మ్రానిపరిమళము, అనిరి. అది వారికి కాంటను రేవుగుండ చేరుటచేత కాంటను ముషియాంగు అనియు అనిరి. వారి గుళ్లలో ధూపమునకును, వారి వైద్యుల కడుపునొప్పి కషాయములకును ఇది మిక్కిలిగా వినియోగపడెను. మన దేశమునుండి పోవు కుష్ఠములో చాలభాగము వారే కొనుచుండిరి.

ఇన్ని దేశములవారు రెండువేలయేండ్లకు పైబడి కొని, కాల్చి, నూఱి, త్రాగిన యీ వేరుయొక్క చెట్టును మాత్రము శాస్త్రజ్ఞు డెవ్వడును చూడలేదు. చూడనిదానికి పేరుపెట్టుటలో నైరోపాపండితులును మనవారికి తీసిపోలేదు. స్వీడనుదేశపు లిన్నేయసు 1753లో కోస్టసు అను ప్రాచీననామమును అల్లముతో చుట్టఱికముగల యొక మొక్కకు తగిలించెను. ఆ కులములోని మొక్కయే మన తూర్పుకనుమల యడవులలో వానకాలమున మెట్లుమెట్లుగా చుట్టుకొని యెదిగి తెల్లని పూవులు పూయు కెముకము. దాని దుంపనుగూడ తెలుగునాట పలువురు చెంగల్వకోష్టు అని వ్యవహరింతురు. మాకు రెండవ యంగడిలో నిచ్చిన తెల్లని బిళ్లలు అవియే యని వృక్షశాస్త్రము బోధించు మిత్రు డొకడు చూచి చెప్పెను. కాబట్టి ఆ వర్తకుడు మోసగాడని మేము చెప్పజాలము. పేరు చీలియుండగా వస్తువు చీలక యేమిచేయును?

నిజమైన చెట్టును పోల్చినవాడు హ్యూ ఫాల్కనరు. ఇతడు స్కాట్లండు దేశస్థుడు, వైద్యుడు, సహరన్‌పురము వృక్షోద్యానమున కధికారి. రణజిత్సింగు పాలనలో నున్న కాశ్మీరమునకు 1837-38లో పోయినప్పుడు ఎత్తైన కొండవాలులమీద మనుష్యప్రమాణమునకు పెరిగి, నల్లబారిన యూదావర్ణపు పూగుత్తులతో నున్న ముండ్లజాతి మొక్కయొకటి యతని కంటబడెను. అది పొద్దుతిరుగుడు కుటుంబములోనిది. అల్లముతో సంబంధమేమియు లేదు. కాశ్మీరులు దాని వేరును కూట్ అని పిలుచుచుండిరి. మోపులకొలది త్రవ్వి దిగువదేశమునకు పంపుచుండిరి. అచ్చటినుండి యది చీనాకు పోవుచుండెను. అరబ్బులు ఖుస్త్ అన్నదియు, గ్రీకులు కోస్టసన్నదియు, దీనికి చెప్పిన వాసన, వాడుక, వర్తకమార్గము అన్నియు నీ కూట్‌కు సరిపోవుటచూచి ఇదియే ఆ ప్రాచీనమూలిక యని ఫాల్కనరు నిరూపించెను. చిక్కు విప్పినది పుస్తకమా, కొండజనుల నాలుకయా యని యడిగినచో రెండును. వేదములోని కుష్ఠశబ్దము అరిగి కూట్‌గా వారి నోటనే మిగిలియుండెను. వారు చెప్పక ఫాల్కనరు పోల్చియుండడు. ఫాల్కనరు చదువక వారి మాట లోకమునకు తెలిసియుండదు.

అతడా మొక్కకు నాటి గవర్నరుజనరలగు ఆక్లండుప్రభువు పేరుమీద ఆక్లాండియా యని పేరుపెట్టెను. ప్రభువుగారు అప్పుడే ఆప్గనుయుద్ధమున తలదూర్చి అపకీర్తి పాలైరి. మొక్క కేమియు కాలేదు. 1876లో క్లార్కను శాస్త్రజ్ఞుడు దానిని స్విట్జర్లాండు పండితుడగు సొస్యూరు పేరనున్న సొస్యూరియా జాతిలో చేర్చెను. ఇటీవలివా రామొక్కను మఱియొక జాతిలోనికి మార్చుచున్నారు. చీనా ఔషధగ్రంథములలో మాత్రము నేటికిని ఆక్లండుగారి పేరే నిలిచియున్నది.

ఇది పెరుగు చోటులు కృష్ణగంగ, చంద్రభాగ మొదలగు నదుల యెగువలోయలు. మంచు కరిగినపిదప మొలకెత్తి, శ్రావణభాద్రపదములందు పూచి, శరత్తున గింజ విడుచును. గింజకు కుచ్చువంటి యీక లుండుటచేత గాలికెగిరిపోవును. మందునకు కావలసినది వేరు. వేరు త్రవ్వినచో మొక్క చచ్చును. ఆకుకోసినను పూవుకోసినను మరుసటియేడు చిగుర్చు తులసి మందారములవంటిది కాదిది. గింజ రాలకమునుపే త్రవ్వినచో ఆ మొక్కయు పోవును, దాని సంతానమును పోవును. వెల పెరిగినకొలది త్రవ్వువాడు శరత్తుదాక ఆగడు. తాను ఆగినచో పొరుగువాడు త్రవ్వును గనుక.

1846లో కాశ్మీరము డోగ్రారాజుల వశమైనది. వారి కాలమున కూట్ వర్తకము సంస్థానప్రభుత్వమువారి గుత్త. శాలువలను పురుగుకొట్టకుండ ఈ వేరును మూటలలో పెట్టుట కాశ్మీరులకు పరిపాటి. కాని సొంత యక్కఱకు మించి త్రవ్వినవాడు దొంగ. సంవత్ 1978లో, అనగా 1921లో, దీనికొఱకే కూట్ చట్టమని యొక ప్రత్యేకశాసనము పుట్టినది. ఒక పూలమొక్కకై శాసనము పుట్టుట విన్నవారికి నవ్వు పుట్టవచ్చును. కాని మేము దీనిని నవ్వుచు విడువజాలము. వేదకాలమునుండి తమ కొండలలో తాము త్రవ్వుకొనుచున్న వేరు ఒక యుదయమున రాజు సొత్తైనది. త్రవ్వినవాని కూలి యెంతో, కలకత్తా రేవున పలికిన వెల యెంతో పోల్చిచూచినచో ఆ గుత్త మొక్కను కాపాడుటకొఱకు గాక ఖజానాకొఱకే యేర్పడెనని తేటపడును. అయినను న్యాయము చెప్పవలెను గదా: ఆ కఱకుచట్టమున్న కాలముననే కొండలలో మొక్క కొంత మిగిలెను. కట్టుబాటు సడలినచోటులందు మొక్క శీఘ్రముగా నశించెను. ప్రజాస్వాతంత్ర్యమును కోరు మాబోటివారికి ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన వ్రాయుట కష్టముగనేయున్నది.

కాశ్మీరపు గుత్తకు పోటీ పొరుగుననే పుట్టినది. రోహతాంగు కనుమ కావలనున్న లాహులులోయవారు 1920వ దశకమున ఈ మొక్కను తమ పొలములలో సాగుచేయ నారంభించిరి. చిఱుపొలము, చలినేల, ఆఱుమాసములు మంచు. అట్టిచోట బార్లీ పండించుకొని బ్రదుకు జనులకు మూడేండ్లకు త్రవ్వకమునకు వచ్చు ఈ పంట ధనలక్ష్మియైనది. చీనాలో గిరాకి యున్నంతకాలము వెల యుండెను. యుద్ధములచేతను రాజ్యవిప్లవముచేతను చీనావర్తకమునకు విఘ్నములు వచ్చినప్పుడెల్ల వెల కూలెను. కొంతకాలమునకు చీనావారు తమ యూనాను మండలముననే ఆ మొక్కను సాగుచేసికొనిరి. లాహులు రైతులు క్రమముగా విత్తనపు బంగాళదుంపకు మరలిరి. కూట్ సాగు నేటికిని అచ్చట కొంత మిగిలియున్నది. అడవిలో నశించు మూలికను పొలములోనికి తెచ్చి బ్రదికించుట యే దేశభక్తుని యుపన్యాసమువలనను జరుగలేదు. నాలుగు కాసులకొఱకు కొండరైతులు చేసిరి. మా దృష్టిలో ఈ చరిత్రమంతటిలో వారి పనియే గొప్పది.

కొండలమీది సహజమైన మొక్కకు మాత్రము దినములు దగ్గఱపడినవి. అపాయమునకు లోనైన జీవజాతుల వర్తకమునుగూర్చిన యంతర్జాతీయ సమయపత్రములో నిది 1975లో రెండవ యనుబంధమున చేర్చబడి, 1985లో మొదటి యనుబంధమున కెక్కింపబడినది. అనగా అడవినుండి త్రవ్విన వేరును దేశములు దాటించి యమ్ముట నిషిద్ధము. సాగుచేసినదని ధ్రువపత్రమున్నగాని యెగుమతి లేదు. మన వన్యప్రాణిరక్షణశాసనము 1972 నాటిది. దానిలో మొక్కల పట్టిక 1991లో చేరినది. అప్పుడు దేశమంతటిలోను ఆఱు విధముల మొక్కలకే ఆ పట్టికలో చోటు దొరికెను. వానిలో కుష్ఠ మొకటి. చదువరులు గమనింపవలసిన విశేషమేమనగా, ఆ యాఱింటిలో మఱియొకటి మన తిరుమల శేషాచలము కొండలలో తప్ప లోకమున సహజముగా నెచ్చటను పెరుగనిది. పేరిత యనియు, మదనకామాక్షి యనియు మనవారు పిలుచు ఈతచెట్టువంటి చిన్నచెట్టు. దాని మగపొత్తులను నాటుమందులకై కోసి కోసి దానికిని కుష్ఠమునకు పట్టిన గతి పట్టించుచున్నాము. కొండకు పోయి వచ్చు లక్షలాది యాత్రికులలో దాని పేరెఱిగినవారెందఱు?

ఇక మొదటి ప్రశ్నకు రావలెను: శిశువుయొక్క దద్దురులు. కలకత్తా ఉష్ణదేశవైద్యపాఠశాలలో రామనాథ చోప్రాగారు దేశీయమూలికలను పరీక్షించి 1933లో ప్రకటించిన గ్రంథములో కుష్ఠమునుగూర్చి విపులముగా వ్రాసిరి. ఊపిరిగొట్టముల బిగువును సడలించుగుణము దీనికి గలదని వారు చూపిరి. కాబట్టి ఉబ్బసమునకు దీనిని వాడిన పెద్దలు గ్రుడ్డిగా వాడలేదు. కాని తరువాతి పరిశోధకులు ఇందలి తైలములో కోస్టునొలైడు మొదలగు పదార్థములను వేఱుచేసి, అవి కొందఱి చర్మమును క్రమముగా రేపి, పిమ్మట ఏ మాత్రము సోకినను దద్దురులు లేపునని కనిపెట్టిరి. ఈ కారణమున అత్తరులలో కుష్ఠతైలమును వాడరాదని సుగంధద్రవ్యముల యంతర్జాతీయసంఘమువారు నిషేధించిరి. మా యింటి నలుగులో వాడినది మొదటి యంగడిలోని ముక్కలవంటిదే. మా తల్లిగారు తెచ్చినది అసలైన సరకు. కల్తీ యని యల్లుడు శంకించుట తప్పు. అసలైనదగుటచేతనే బిడ్డకు హాని కలిగియుండవచ్చును. దిష్టి కాదు, మోసము కాదు. వెల యిచ్చి తెచ్చిన మంచి వస్తువు.

పేరుల చిక్కు ఇంతకంటె ప్రమాదకరము కాగలదు. చీనాలో పచ్చ ముషియాంగు అనునది వేఱొక తీగజాతి వేరు. మన ఈశ్వరితీగకు చుట్టము. అందు మూత్రపిండములను చెఱచు విషమున్నది. ముషియాంగు అన్న మాటను మాత్రమే నమ్మి దానిని సేవించినవాని గతి యేమి? మన మూలికల యంగళ్లలో ఒక్కొక్క డబ్బాపై పేరేగాని, ఏ మొక్క, ఏ భాగము, ఎచ్చట పెరిగినది, అడవిదా పొలముదా యను సంగతు లుండవు. మేము మొదటి వర్తకుని, "ఇది యెక్కడినుండి వచ్చినది?" అని యడిగితిమి. అతడు వినయముగా, "మద్రాసునుండి వచ్చునండి" అనెను. ప్లినీకి పాతాలద్వీపమెట్టిదో ఇతనికి మద్రాసట్టిది. మేము నవ్వబోయి, మా తల్లిగారు అంగడినుండి వచ్చునన్న మాటయు, నలువదేండ్లు దాటువఱకు మేము ఆ మాత్రమైనను విచారింపకుండుటయు తలపునకు రాగా ఊరకుంటిమి.

రెండు అంగళ్ల ముక్కలను రెండు సీసాలలో పోసి, పేరులు వ్రాసి, మా తరగతిగదిలో నుంచినాము. పిల్లలు మూతతీసి వాసన చూచి, మొదటిదానికి మొగము చిట్లించి, మరల మరల చూచుచుందురు. మా తల్లిగారికి ఈ కథ యంతయు రెండు సాయంకాలములు కూర్చుండి చెప్పితిమి. అథర్వవేదము మాట వచ్చినప్పుడు వారి మొగము వికసించినది. దద్దురుల మాట వచ్చినప్పుడు వారేమియు ననలేదు. మొన్న వంటయింటి గోడ యలమరలో వారి నలుగుపిండి చీటి మా కంటబడినది. ఏడవ పేరు కొట్టివేయలేదు. దాని ప్రక్కన పెన్సిలుతో, "పెద్దలకు మాత్రము" అని వ్రాసికొనిరి.